ఎస్‌సీఎల్‌-70 పాజిటివ్‌ అని వచ్చింది, అక్క ఊపిరితిత్తులు పాడవుతాయా?

ప్రశ్న: మా అక్కకు 42 ఏళ్లు. మూడేళ్లుగా చల్లటి నీళ్లు తగిలితే చేతివేళ్లు తెల్లగా పాలిపోయి, కాసేపటికి నీలంగా మారుతున్నాయి. ఎనిమిది నెలల నుంచి వేళ్లన్నీ ఉబ్బి ఉంటున్నాయి. వేలి ఉంగరం ఊడి రావడం లేదు. పడుకుంటే గొంతులోకి పులుపు తన్నుకొస్తుంది. రక్తపరీక్షల్లో ఏఎన్‌ఏ (సొంత కణాల మీదికే తిరిగే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) 1:640, వాటిలో యాంటీ ఎస్‌సీఎల్‌-70 అనే యాంటీబాడీ స్ట్రాంగ్‌ పాజిటివ్‌, సెంట్రోమియర్‌ అనే మరో యాంటీబాడీ నెగెటివ్‌ అని వచ్చింది. సిస్టమిక్‌ స్క్లెరోసిస్‌ (స్క్లెరోడెర్మా అనీ అంటారు, చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) కావచ్చని రుమటాలజిస్ట్‌ దగ్గరికి పంపారు, అపాయింట్‌మెంట్‌ ఇంకా మూడు వారాలుంది. ఈలోపు వాపు తగ్గడానికని ఒక డాక్టర్‌ ప్రెడ్నిసొలోన్‌ 20 మి.గ్రా. రాశారు, పది రోజులుగా వేసుకుంటోంది. ఆయాసం ఏమీ లేదు. కానీ ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయని ఎక్కడ చూసినా రాసి ఉంది. ఇదే జబ్బున్న అక్క స్నేహితురాలికి సెంట్రోమియర్‌ పాజిటివ్‌ వచ్చింది, ఆమెది తేలిక రకం అన్నారట. అంటే అక్కది ముదురు రకమా? మూడు నెలలకోసారి ఈ పరీక్ష చేయిస్తే తగ్గుతోందో లేదో తెలుస్తుందా? భయంతో నేనూ చేయించుకుంటే నా ఏఎన్‌ఏ 1:80 అని వచ్చింది. నాకూ వస్తుందా?

సమాధానం: అమ్మా, మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. మిగతావన్నీ మూడు వారాలు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు. ఆ ప్రెడ్నిసొలోన్‌ అనే స్టెరాయిడ్‌ మాత్ర సంగతి.

కీళ్లవాతంలో చేతులు వాస్తే స్టెరాయిడ్‌ ఇవ్వడం మామూలే. మీ అక్క వేళ్లు చూసి ఆ డాక్టర్‌ అలాగే అనుకుని ఉంటారు. కానీ సిస్టమిక్‌ స్క్లెరోసిస్‌లో ఈ మందుకు ఒక చిక్కుంది. రోజుకు 15 మి.గ్రా., అంతకు మించి వాడినవాళ్లలో కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఎక్కువని చాలాకాలంగా తెలుసు. బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది, రోజుల వ్యవధిలో కిడ్నీలు మొరాయిస్తాయి. దీన్ని స్క్లెరోడెర్మా రీనల్‌ క్రైసిస్‌ అంటారు. అందరికీ వస్తుందని కాదు, మీ అక్కకు వస్తుందనీ కాదు. కానీ ఈ జబ్బు అనుమానం ఉన్న మనిషికి 20 మి.గ్రా. ఎందుకు ఇస్తున్నామో ఒకసారి ఆలోచించాలి. మీ అంతట మీరు ఆపకండి. ఈరోజే ఆ డాక్టర్‌కి ఫోన్‌ చేసి, వచ్చిన రిపోర్టు చదివి వినిపించి, మోతాదు తగ్గించాలా, ఎలా తగ్గించాలి అని అడగండి. వీలైతే రుమటాలజిస్ట్‌ క్లినిక్‌కి కూడా ఫోన్‌ చేసి ఇదే మాట చెప్పండి, అపాయింట్‌మెంట్‌ ముందుకు జరగొచ్చు.

రెండో పని, ఒక బీపీ మెషీన్‌ కొనండి. మోచేతి పైన కట్టే రకం చాలు. రోజూ ఒకే వేళకు, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి పుస్తకంలో రాయండి. అక్క మామూలు బీపీ ఎంతో ముందు తెలియాలి. ఎప్పుడూ 105/65 ఉండే మనిషికి 138/86 వస్తే చూసినవాళ్లు నార్మల్‌ అనేస్తారు, నేను అనను. పై అంకె మామూలు కంటే 30, కింది అంకె 20 పెరిగినా, లేదా 140/90 దాటి అక్కడే ఉండిపోయినా అదే రోజు డాక్టర్‌కి చెప్పాలి. దాంతోపాటు తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఆయాసం, మూత్రం తగ్గడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, "స్క్లెరోడెర్మా అనుమానం ఉంది, బీపీ పెరిగింది" అని ఈ రెండు ముక్కలూ కలిపి చెప్పండి. విడివిడిగా చెబితే విన్నవాళ్లకు తట్టకపోవచ్చు. ఈ క్రైసిస్‌కు కాప్టోప్రిల్‌ వంటి ఏసీఈ ఇన్‌హిబిటర్‌ రకం బీపీ మందులు రాకముందు పరిస్థితి ఘోరంగా ఉండేది. 1990లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆ మందు అందనివారిలో ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 15 శాతం, అందినవారిలో 76 శాతం. అలాగని ముందుజాగ్రత్తగా వేసుకుంటే క్రైసిస్‌ రాకుండా ఆగుతుందని మాత్రం తేలలేదు. పట్టుకోవడం తొందరగా జరగాలి, అంతే.

ఇక మీ ప్రశ్నలకు వస్తాను.

మొదట మూడు నెలలకోసారి పరీక్ష సంగతి. వద్దు. షుగర్‌లాగా, థైరాయిడ్‌లాగా మందు వేసుకుంటే దిగే అంకె కాదిది. ఎస్‌సీఎల్‌-70 ఉన్న మనిషికి సాధారణంగా చివరిదాకా అదే ఉంటుంది. చికిత్స బ్రహ్మాండంగా పనిచేసి చర్మం మెత్తబడినా రిపోర్టులో పాజిటివ్‌ అలాగే కనిపిస్తుంది. ఈ అంకె 120 నుంచి 90కి దిగిందని సంబరపడి చెకప్‌ ఎగ్గొట్టినవాళ్లను చూశాను, 90 నుంచి 120కి ఎక్కిందని రాత్రంతా నిద్రపోనివాళ్లనూ చూశాను. ఇద్దరిదీ వృథా. ఆ డబ్బూ రక్తమూ వేరే పరీక్షకు పనికొస్తాయి.

మరి ఇది చెప్పేదేమిటి? దీని పేరులోనే చిన్న కథ ఉంది. ఎస్‌సీఎల్‌ అంటే స్క్లెరోడెర్మా, 70 అనేది ప్రొటీన్‌ బరువు. 1979లో దీన్ని గుర్తించినప్పుడు పరిశోధకుల చేతికి చిక్కింది 70 కిలోడాల్టన్‌ల ప్రొటీన్‌. తర్వాత తేలిందేమిటంటే అది విరిగిన ముక్క, అసలు ప్రొటీన్‌ బరువు సుమారు 100. దాని పేరు టోపోఐసోమరేజ్‌-1. కణంలో డీఎన్‌ఏ మెలికలు పడినప్పుడు చిక్కు విడదీసే ఎంజైమ్‌ అది. మీ అక్క శరీరం తన సొంత పనివాడినే పరాయివాడనుకుని వాడికి విరుగుడు తయారుచేస్తోంది. పేరు మాత్రం ఆ ముక్కదే నిలిచిపోయింది. ఈ విరుగుడే నేరుగా ఊపిరితిత్తుల్ని చెడగొడుతోందా, లేక జరుగుతున్న గొడవకు గుర్తుగా మాత్రమే ఉందా అనేది నేటికీ తేలని చర్చ. రోగికి ఉపయోగం ఎక్కడంటే, ఏ యాంటీబాడీ ఉందో దాన్నిబట్టి ఈ జబ్బు ఏ అవయవం మీద ముందుగా చేయి వేయొచ్చో మేం ఊహించగలం. దొంగ పెరటివైపు నుంచి వచ్చే అలవాటున్నవాడని తెలిస్తే పెరటి తలుపు దగ్గర దీపం పెడతాం కదా, అలాగన్నమాట. దొంగ వచ్చేశాడని కాదు.

అయితే ముందు ఆ పాజిటివ్‌ నిజమైనదేనా అని కూడా చూడాలి. ఎస్‌సీఎల్‌-70 పరీక్షలో, ముఖ్యంగా ఒకేసారి పదీ పదిహేను యాంటీబాడీలు చూసే ప్యానెళ్లలో, వీక్‌ పాజిటివ్‌ అని తప్పుడు సంకేతాలు వస్తుంటాయి. లక్షణాలేమీ లేని మనిషికి, ఏఎన్‌ఏ కూడా నెగెటివ్‌ ఉన్నవాళ్లకు ఈ వీక్‌ పాజిటివ్‌ వస్తే నేను పెద్దగా పట్టించుకోను, వేరే పద్ధతిలో మళ్లీ చేయిస్తాను. మీ అక్క విషయంలో అన్నీ ఒకే దిక్కుకు చూపిస్తున్నాయి. ఏఎన్‌ఏ 1:640, బలమైన పాజిటివ్‌, మూడేళ్ల రేనాడ్స్‌ (చలికి వేళ్లు పాలిపోయి నీలమవడం), ఉబ్బిన వేళ్లు.

వైద్యులు 2013 నుంచి వాడుతున్న ఒక పాయింట్ల లెక్క ఉంది, 9 వస్తే సిస్టమిక్‌ స్క్లెరోసిస్‌గా వర్గీకరిస్తారు. చేతివేళ్ల చర్మం బిరుసెక్కి ఆ బిరుసు వేలి మొదటి కణుపు దాటి అరచేతి వెనకవైపుకు పాకితే ఆ ఒక్కదానికే 9. మీరు రాసినదాన్నిబట్టి అంతవరకు రాలేదు. రేనాడ్స్‌కు 3, యాంటీబాడీకి 3, ఉబ్బిన వేళ్లకు 2. మొత్తం 8. ఒక్కటి తక్కువ! (ఈ లెక్క పరిశోధనల కోసం పుట్టింది, 8 వచ్చినవాళ్లకు జబ్బు లేదని దాని అర్థం కాదు. అయినా రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేళ్ల మీద లెక్కేసుకోని రుమటాలజిస్ట్‌ నాకు తెలిసి లేరు.)

ఆ తొమ్మిదోది ఎక్కడ దొరుకుతుందంటే గోరు మొదట్లో. గోరు, చర్మం కలిసేచోట ఒక చుక్క నూనె వేసి భూతద్దంతో చూస్తే సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి. ఆరోగ్యవంతుల్లో అవి తలపిన్నుల్లా వంగి, ఒకే ఎత్తులో, వరసగా నిలబడి ఉంటాయి. ఈ జబ్బులో ఆ వరస చెదురుతుంది. కొన్ని ఉబ్బి లావుగా చుట్టుకుని ఉంటాయి, పక్కన చుక్కల్లా రక్తం చిమ్మి ఉంటుంది, మధ్యలో అసలేమీ లేని ఖాళీ జాగా. దీన్ని నెయిల్‌ఫోల్డ్‌ కేపిల్లరోస్కోపీ అంటారు. సూది లేదు, నొప్పి లేదు, పది నిమిషాల పని. ఒక్క షరతు, వెళ్లేముందు రెండు మూడు వారాలు గోరు చుట్టూ చర్మం కత్తిరించుకోకూడదు, గోళ్లరంగు వేసుకోకూడదు. మీ అక్కకు ఇప్పుడే చెప్పండి.

ఊపిరితిత్తుల మాట. ఎస్‌సీఎల్‌-70 ఉన్నవాళ్లలో సగానికి పైగా మందికి స్కాన్‌లో ఊపిరితిత్తుల్లో ఎంతోకొంత మచ్చ కనిపిస్తుంది. ఈ వాక్యం దగ్గరే మీరు ఆగిపోయారని నా అనుమానం. దీని తర్వాతి వాక్యం కూడా చదవాలి. ఆ కనిపించినవాళ్లలో చాలామందికి అది కొద్దిపాటిగానే ఉండి, ఏళ్ల తరబడి అక్కడే ఆగుతుంది. కొందరికి మాత్రం ముదురుతుంది, అదీ ఎక్కువగా జబ్బు మొదలైన నాలుగైదేళ్లలోపు. మీ అక్క ఏ గుంపులో ఉందో యాంటీబాడీ చెప్పదు. స్కాన్‌, ఊదే పరీక్ష, కాలం, ఈ మూడూ కలిస్తే చెబుతాయి.

"ఆయాసం ఏమీ లేదు" అని రాశారు. ఈ మాట విన్నప్పుడల్లా నేను ఒక ప్రశ్న వేస్తాను: పోయిన ఏడాది ఈపాటికి మెట్లు ఎలా ఎక్కేవారు? ఒకావిడ కాసేపు ఆలోచించి, "ఇప్పుడు లిఫ్టే వాడుతున్నానండీ" అన్నారు. ఎందుకని అడిగితే ఆమెకే తెలియదు. శరీరం తనకు చేతకానిదాన్ని మనకు చెప్పకుండానే మానేస్తుంది. ఆమె వీపు మీద, అడుగున, స్టెతస్కోప్‌ పెట్టి గట్టిగా గాలి పీల్చమంటే చెప్పుల వెల్‌క్రో పట్టీ మెల్లగా ఊడదీసినట్టు చిరచిరమని చప్పుడు. అప్పటికి ఆమెకు దగ్గు కూడా లేదు.

కాబట్టి ఆయాసం ఉన్నా లేకున్నా అక్కకు మొదట్లోనే ఛాతీకి హెచ్‌ఆర్‌సీటీ స్కాన్‌ ఒకసారి కావాలి. మామూలు ఎక్స్‌రే చాలదు, తొలిదశ మచ్చ అందులో దొరకదు. దాంతోపాటు పీఎఫ్‌టీ, అంటే గొట్టంలోకి ఊదే పరీక్ష. ఇందులో రెండు అంకెలు చూడండి. ఎఫ్‌వీసీ అనేది నిండా పీల్చి పూర్తిగా వదిలిన గాలి ఎంతో చెబుతుంది. డీఎల్‌సీఓ అనేది ఆ గాలి రక్తంలోకి ఎంత బాగా దాటుతోందో చెబుతుంది. చాలా చిన్న సెంటర్లలో డీఎల్‌సీఓ చేయరు, ముందే అడిగి వెళ్లండి. తొలి సంవత్సరాల్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి పీఎఫ్‌టీ, వీలైతే ఒకే చోట, ఒకే మెషీన్‌ మీద. మీరు మూడు నెలలకోసారి చేయించాలనుకున్న పరీక్ష ఏదైనా ఉంటే అది ఇదే. ఎఫ్‌వీసీ తన మునుపటి విలువలో పదో వంతు పడిపోతే దాన్ని లెక్కలోకి తీసుకుంటాం. ఒక్కసారి రెండు మూడు శాతం అటూ ఇటూ అయితే అది ఊదడంలో తేడా కావచ్చు. వేళ్లు, పెదవులు బిగుసుకున్నవాళ్లకు ఆ గొట్టం చుట్టూ పెదవులు సరిగ్గా మూయడమే కష్టం.

ముదురుతోందని తేలితే మందులున్నాయి. మైకోఫెనొలేట్‌ ఇప్పుడు ఎక్కువమందికి మొదట వాడేది. 2016లో వెలువడిన అధ్యయనంలో అది పాత మందు సైక్లోఫాస్ఫమైడ్‌తో సమానంగా పనిచేసింది, ఇబ్బందులు తక్కువ. మచ్చ పెరిగే వేగాన్ని తగ్గించే నింటెడానిబ్‌ ఉంది. 2019 నాటి పరీక్షలో 576 మందిని ఏడాదిపాటు గమనిస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఎఫ్‌వీసీ 93 మి.లీ. తగ్గింది, నింటెడానిబ్‌ వేసుకున్నవారిలో 52 మి.లీ. పోయిన ఊపిరిని అది తిరిగి ఇవ్వలేదు, పోయే వేగాన్ని తగ్గించింది. విరేచనాలు దాని పెద్ద ఇబ్బంది. టోసిలిజుమాబ్‌ ఇంజెక్షన్‌కు 2021లో అమెరికాలో ఇదే పనికి అనుమతి వచ్చింది, రిటుక్సిమాబ్‌ కూడా వాడుతున్నారు. ఎవరికి ఏది అనేది మీ రుమటాలజిస్ట్‌ చెప్పాల్సిన మాట. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మైకోఫెనొలేట్‌ వాడుతున్నప్పుడు గర్భం రాకూడదు, బిడ్డకు హాని. 42 ఏళ్లకు ఆ ప్రశ్న లేదని డాక్టర్లు అడగడం మరిచిపోతుంటారు.

స్నేహితురాలి "తేలిక రకం" గురించి నాకు కొంచెం కోపంగానే ఉంది. సెంట్రోమియర్‌ యాంటీబాడీ ఉన్నవాళ్లలో చర్మం బిరుసు సాధారణంగా మోచేతులు, మోకాళ్లు దాటదు. ఊపిరితిత్తుల్లో మచ్చ తక్కువ. జబ్బు నింపాదిగా నడుస్తుంది. ఇవన్నీ నిజమే. కానీ నింపాదిగా నడిచేది ఎక్కడికి వెళుతోందో చూడకపోతే ఎలా? వీళ్లలో పదేళ్లు, పదిహేనేళ్లు గడిచాక ఊపిరితిత్తుల రక్తనాళాలు ఇరుకై, గుండె కుడివైపు మీద భారం పడే పల్మనరీ ఆర్టీరియల్‌ హైపర్‌టెన్షన్‌ వచ్చే అవకాశం ఉంది. మామూలు బీపీ మెషీన్‌లో అది కనిపించదు. "నాది తేలిక రకమే" అని పదేళ్లుగా ఎకో (గుండె స్కాన్‌) చేయించుకోని మనిషి, వయసైపోతోందనుకుని ఆయాసాన్ని భరిస్తూ ఉంటుంది. ఆమెకు ఏడాదికోసారి ఎకో, పీఎఫ్‌టీలో డీఎల్‌సీఓ, గుండె మీద భారాన్ని చూపే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష ఉండాలి. ఎఫ్‌వీసీ బాగానే ఉండి డీఎల్‌సీఓ ఒక్కటే ఏటేటా దిగజారుతుంటే అది రక్తనాళాల వైపు వేలు చూపిస్తున్నట్టు. అనుమానం బలపడితే గుండె కుడివైపుకు కాథెటర్‌ పంపి ఒత్తిడి కొలుస్తారు, ఎకో ఒక్కదానితో ఈ జబ్బును నిర్ధారించరు. వేలికొసల పుండ్లు, చర్మం కింద సున్నపుగడ్డలు కూడా ఈ యాంటీబాడీ వాళ్లలో బాగా చూస్తాం. కొందరికి కాలేయంలోని పిత్తనాళాల జబ్బు తోడవుతుంది, అందుకని లివర్‌ పరీక్షలో ఏఎల్‌పీ ఎక్కువుంటే వదిలేయకూడదు. ఈ పేరా ఆమెకు చదివి వినిపించండి. అక్కకూ ఎకో ఏటా కావాలి, ఈ తలుపు ఎవరికీ పూర్తిగా మూసి ఉండదు.

మూడో యాంటీబాడీ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌-3. మీ ఉత్తరంలో దాని ఊసు లేదు. చాలా ల్యాబుల మామూలు ఏఎన్‌ఏ ప్రొఫైల్‌లో అది ఉండదు, విడిగా స్క్లెరోడెర్మా ప్యానెల్‌ అని అడగాలి. నేను మొదట చెప్పిన కిడ్నీ ప్రమాదం అన్నిటికంటే దీనితోనే ఎక్కువ ముడిపడి ఉంది. చర్మం నెలల్లో గట్టిపడుతుంది, జబ్బు మొదలైన కొన్నేళ్లలోపే బీపీ విరుచుకుపడొచ్చు. ఈ యాంటీబాడీ ఉన్న కొందరిలో స్క్లెరోడెర్మా, క్యాన్సర్‌ దాదాపు ఒకే సమయంలో బయటపడతాయి. జాన్స్‌ హాప్‌కిన్స్‌ పరిశోధకులు 2014లో ఇలాంటి 8 మంది కణితులను పరిశీలిస్తే, 6గురిలో ఆ ప్రొటీన్‌ తయారుచేసే జన్యువే దెబ్బతిని ఉంది. అంటే కణితిలో వికృతమైన ప్రొటీన్‌ను చూసి రోగనిరోధక శక్తి దాని మీదికి దూకి, ఆ ఊపులో ఆరోగ్యంగా ఉన్న కణాలనూ కొడుతోందేమో అన్న ఆలోచన. నాకు ఈ శాస్త్రంలో ఇంతకంటే ఆశ్చర్యమైన విషయం కనిపించలేదు. అలాగని ఈ యాంటీబాడీ ఉన్న ప్రతివారికీ క్యాన్సర్‌ ఉందని కాదు, వయసుకు తగ్గ స్క్రీనింగ్‌ పరీక్షల్లో అశ్రద్ధ చేయొద్దని.

ఈ ప్రధాన యాంటీబాడీల్లో ఒకరికి సాధారణంగా ఒకటే ఉంటుంది, రెండు కలిసి కనిపించడం అరుదు. ఎస్‌సీఎల్‌-70 బలంగా ఉంది కాబట్టి అక్కకు మూడోది ఉండే అవకాశం తక్కువే. కిడ్నీ విషయంలో మాత్రం చర్మం బిరుసు వేగంగా పైకి పాకుతున్న ఎస్‌సీఎల్‌-70 వాళ్లకూ ప్రమాదం ఉంటుంది. బీపీ పుస్తకం అందుకే.

ఇంకా కొన్ని ఉన్నాయి. యూ1-ఆర్‌ఎన్‌పీ, పీఎం-ఎస్‌సీఎల్‌ ఉన్నవాళ్లకు కండరాలు, కీళ్ల బాధలు కలగలిసి వస్తాయి, కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీకే రక్తపరీక్ష చూస్తాం. ఫిబ్రిల్లారిన్‌, టీహెచ్‌/టీవో అనేవి అరుదు, చాలాచోట్ల పరీక్షే దొరకదు. ఏ యాంటీబాడీ పేరూ తేలని రోగులూ ఉంటారు. మీకు ఇప్పుడు ఇవేవీ అక్కర్లేదు.

అక్కకు రోజూ బాధపెట్టేది, ఏ యాంటీబాడీతోనూ సంబంధం లేనిది, ఆ పులితేన్పు. అన్నవాహిక కండరం బలహీనపడటం ఈ జబ్బులో ఎక్కువమందికి ఉంటుంది, యాంటీబాడీ ఏదైనా సరే. గొంతుదాకా వచ్చిన ఆమ్లం నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారడం మంచిది కాదు, కాబట్టి దీన్ని గ్యాస్‌ అని కొట్టిపారేయకండి. మంచం తలవైపు కాళ్ల కింద దిమ్మెలు పెట్టి ఎత్తుచేయండి, రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే తప్ప లాభం లేదు. రాత్రి తిండికీ పడకకూ మూడు గంటల ఎడం ఉంచండి. ఆమ్లం తగ్గించే మాత్ర డాక్టర్‌ రాస్తారు, ఇది వారం రోజుల కోర్సు కాదు, చాలాకాలం వేసుకోవాల్సి రావొచ్చు. మింగుడు పడకపోతే, బరువు తగ్గుతుంటే, నల్లటి విరేచనమైతే ఆలస్యం చేయకండి.

వేళ్లు పాలిపోవడానికి చేతులు మాత్రమే కప్పుకుంటే సరిపోదు, ఒళ్లంతా వెచ్చగా ఉండాలి. ఏసీ గదిలో కూర్చుని గ్లోవ్స్‌ వేసుకున్నా ఛాతీ చల్లబడితే వేళ్ల రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఫ్రిజ్‌లోంచి ఏదైనా తీసేముందు గుడ్డ పట్టుకోమనండి. ఇంట్లో ఎవరైనా పొగతాగితే బయటికి పంపండి. తలనొప్పికో గుండెదడకో బీటా బ్లాకర్‌ మాత్ర వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, అది రేనాడ్స్‌ను పెంచుతుంది.

మీ 1:80 గురించి. 1997లో పలు ల్యాబులు కలిసి ఆరోగ్యవంతుల రక్తాన్ని పరీక్షించాయి. 1:80 దగ్గర సుమారు 13 శాతం మంది పాజిటివ్‌, 1:40 దగ్గరైతే 30 శాతం పైనే. మీలాంటి అంకెతో హాయిగా తిరుగుతున్నవాళ్లు కోట్లమంది ఉన్నారు, వాళ్లకు తెలియదంతే. ఈ జబ్బు ఉన్నవారి తోబుట్టువులకు మిగతావారికంటే అవకాశం ఎక్కువన్న మాట నిజం. అయినా ఒకే కుటుంబంలో ఇద్దరికి రావడం అరుదు, నూటికి ఒకటి రెండు కుటుంబాల్లో జరిగే విషయం. మీకు వేళ్లు పాలిపోవడం, వాయడం లేకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయండి, మళ్లీ చేయించకండి. ఎప్పుడైనా రేనాడ్స్‌ మొదలైతే అప్పుడు గోరు మొదట్లో రక్తనాళాలు చూపించుకుని, నిర్దిష్ట యాంటీబాడీలు చేయించుకోవచ్చు.

రుమటాలజిస్ట్‌ దగ్గరికి వెళ్లేటప్పుడు బీపీ పుస్తకం, ల్యాబ్‌ ఇచ్చిన అసలు కాగితం పట్టుకెళ్లండి. అందులో పరీక్ష ఏ పద్ధతిలో చేశారో రాసి ఉంటుంది, ఫోన్‌లో మీరు టైప్‌ చేసి పెట్టుకున్న "పాజిటివ్‌" అన్న మాట చాలదు. వేళ్లు పాలిపోయినప్పుడు ఒక ఫొటో తీసి ఉంచండి. క్లినిక్‌లో కూర్చున్నప్పుడు అవి మామూలుగానే ఉంటాయి. చర్మం బిరుసు ఎక్కడిదాకా వచ్చిందో డాక్టర్‌ 17 చోట్ల చిటికెతో పట్టి చూసి 51కి మార్కులు వేస్తారు, ఆ మొదటి అంకె అడిగి రాసుకోండి. రేపు పెరిగిందా తగ్గిందా అనేది దానితో పోల్చే చూస్తాం. కడుపులో మంట, మూత్రం పరీక్ష, క్రియాటినిన్‌, ఇవి వాళ్లే అడుగుతారు.

ఆ ఉంగరం సంగతి ఒకటి మిగిలింది. సబ్బు రాసి, దారం చుట్టి లాగకండి. ఈ వేళ్లకు రక్తం సరిగా అందదు, చిన్న గీత పడినా నెలల తరబడి మానదు, పుండైతే ఇంకో తంటా. ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఉంగరం కోసే చిన్న కట్టర్‌ ఉంటుంది, కింద రేకు పెట్టి చర్మానికి తగలకుండా రెండు నిమిషాల్లో కోసేస్తారు. ఈ వారమే తీయించండి. రేపు వేలు ఇంకా వాస్తే కోయడం కూడా కష్టమవుతుంది. ఉంగరం మళ్లీ అతికించుకోవచ్చు.